గోడ అవతల పంతొమ్మిదో ఎక్కం

2024 అక్టోబరు 14, సోమవారం, మధ్యాహ్నం మూడుంపావుకి ఇది మొదలైంది. ఆ రోజే పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. తర్వాత గుర్తు తెచ్చుకుని వేసిన తేదీ కాదు.

దయ్యాల సంగతి ముందే చెప్పేస్తాను. మండపేట దగ్గర ఒక రైసు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు కాటా పక్కన కూర్చుని బస్తాల తూకాలు రాశాను. మూడో గోడౌనులో ఎవరో తిరుగుతున్నారని వాచ్‌మన్ గోల పెడితే టార్చిలైటు పట్టుకుని నేనే వెళ్ళి చూశాను. రెండు పందికొక్కులు. అప్పటి నుంచి ఎవరు ఏం కనబడిందన్నా, ముందు ఎన్ని అని అడుగుతాను.

నాకు అరవై రెండేళ్ళు. పదహారో ఏట టెన్త్ తప్పాను, ఇంగ్లీషులో. మళ్ళీ కట్టించేవాళ్ళు లేకపోయారు. మిల్లులో చేసింది గుమస్తా పని, మస్టర్లో రాసింది హెల్పర్ అని. టెన్త్ పాసైతేనే గుమస్తా అని రాస్తారట. మిల్లు మూసేసిన రోజు చేతికిచ్చిన కాగితంలోనూ హెల్పర్ అనే ఉంది. అది చదివాక ఓపెన్ స్కూల్లో టెన్త్ కట్టాలని నిర్ణయించుకున్నాను. ఉద్యోగం కోసం కాదు. టెన్త్ ఫెయిల్ అన్న మాట నా పేరు పక్కన ఇక ఉండకూడదు, అంతే.

మిల్లు క్వార్టర్ ఖాళీ చేసి సామర్లకోటలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. స్టడీ సెంటరు నడిచి వెళ్ళేంత దూరం. ఆదివారాలు క్లాసులు. ఇల్లు సర్దుకోవడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. బయట నుంచి చూస్తే వరసగా మూడు తలుపులు ఉంటాయి. మొదటిది ఇంటిగలావిడ వరలక్ష్మిగారిది, మధ్యది నాది. మూడో తలుపుకి ఎప్పుడూ తాళమే. అదీ ఒక పోర్షనే అనుకున్నాను.

నా భయమంతా ఇంగ్లీషుతోనే. లెక్కల గురించి దిగులే లేదు. ఒకటి నుంచి ఇరవై దాకా ఎక్కాలు మూడో తరగతి నుంచీ నోటికి వచ్చు. మిల్లులో కాలిక్యులేటరు తీసేలోపు నేను జవాబు చెప్పేసేదాన్ని. హెచ్చవేత వంద దాటినప్పుడు "నూరు దాటింది" అని పైకి అనడం నాకు అలవాటు. అలా అంటే హమాలీ జట్టువాళ్ళు బస్తాల లెక్క సరి చూసుకునేవారు.

ఆ సోమవారం టేబుల్ గోడ వైపుకి జరిపి ఇంగ్లీషు పాఠం తీశాను. గోడ అవతల నుంచి ఒక ఆడమనిషి పదమూడో ఎక్కం చదువుతోంది. చిన్నపిల్ల గొంతు కాదు. పెద్ద వయసులో కొత్తగా నేర్చుకునేవాళ్ళు చదివినట్టు ఆగి ఆగి చదువుతోంది. పక్క పోర్షన్లో ఇంకెవరో కూడా టెన్త్ కట్టినట్టున్నారని సంతోషించాను.

"పదమూడేళ్ళు ఎనభై ఒకటి" అంది.

"తొంభై ఒకటి" అన్నాను గట్టిగా.

తర్వాత "తొంభై ఒకటి" అని వినబడింది.

రోజూ మూడుంపావుకే మొదలయ్యేది, ఇరవై నిమిషాలు సాగేది. తప్పు ఎక్కడ వచ్చినా పదే తక్కువ. నేను దిద్దేదాన్ని. అక్టోబరు 25న పదమూడో ఎక్కం తప్పు లేకుండా చదివింది. మర్నాడు పదిహేడోది ఎత్తుకుంది. నవంబరు 9, శనివారానికి అదీ వచ్చేసింది.

నవంబరు 10, ఆదివారం. క్లాసులో సారు వడ్డీ లెక్క చెబుతూ "పదిహేడు ఆర్లు ఎంతండి?" అని అడిగి, అలవాటు ప్రకారం నా వైపు చూశారు. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. తప్పు జవాబు వచ్చినా అంత కంగారు పడేదాన్ని కాదు. పన్ను ఊడిన చోట నాలుక పెట్టినట్టు అక్కడ ఖాళీ ఉంది.

"మామ్మగారు టిఫిను తిని రాలేదండి" అంది నా పక్కన కూర్చునే సుజాత. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి ఇరవై ఎక్కాలూ కాగితం మీద రాసి చూసుకున్నాను. పద్దెనిమిది వచ్చాయి. పదమూడు, పదిహేడు రాలేదు. పదిహేడుని ఆరుసార్లు కూడితే నూట రెండు వస్తోంది. కూడకుండా మాత్రం రావడం లేదు.

మర్నాడు వరలక్ష్మిగారిని అడిగాను, పక్క పోర్షన్లో చదువుకునే ఆవిడ ఎవరండీ అని.

"పక్క పోర్షనేంటండి? అది మోటారు గది" అన్నారావిడ. తాళం తీసి చూపించారు. రెండడుగుల సందు, నీళ్ళ మోటారు, కరెంటు మీటర్లు. దాని వెనక ప్రహరీ, ప్రహరీ అవతల కాలువ. "పరీక్ష భయమండి మీకు. మా ఆయన డ్రైవింగు టెస్టు ముందు పది రోజులు నిద్రలో హారన్ కొట్టారు."

ఆ మధ్యాహ్నం మూడుంపావుకి మోటారు గది తలుపు తీయించి అక్కడ నిలబడ్డాను. ఏమీ లేదు. నా గదిలోకి వచ్చి గోడ దగ్గర నిలబడ్డాను. పంతొమ్మిదో ఎక్కం చదువుతోంది. మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను. మూడుసార్లూ అంతే.

నవంబరు 17న క్లాసు అయ్యాక సుజాతని చదువుకుందాం రమ్మని ఇంటికి తీసుకొచ్చాను. ఉప్పాడ మత్స్యకారుల పిల్ల, ఇరవై ఏడేళ్ళు, సామర్లకోట కోడలు. అంగన్‌వాడీ ఆయా పోస్టు కోసం టెన్త్ కట్టింది. తనకి ముందుగా ఏమీ చెప్పలేదు. మూడుంపావు అయింది. సుజాత పెన్ను ఆపి విని నవ్వింది.

"అదేంటి మామ్మగారూ, పక్కింటావిడ కూడా నూరు దాటింది అంటోంది? మీ దగ్గరే నేర్చుకుందాండి?"

అప్పుడు మొత్తం చెప్పాను. మోటారు గది కూడా చూపించాను. పిల్ల పుస్తకాలు సంచిలో పెట్టేసుకుంది.

"మీరు దిద్దకండి. దిద్దబట్టే కదండీ మీది అటు పోయింది. తప్పే చదువుకోనివ్వండి" అంది. చెప్పులు వేసుకుంటూ, "నేనైతే ఈ పూటే సామాను సర్దేద్దును. మా ఇంటికి వచ్చేయండి" అని కూడా అంది.

"మీ ఇంట్లో ఇప్పటికే ఆరుగురు ఉన్నారు. ఏడో దాన్ని నేనొస్తే ఎవరు చదువుతారు?" అన్నాను. పరీక్షలు మార్చిలో. మళ్ళీ ఇల్లు వెతికి, మళ్ళీ సర్దుకోవడం అంటే ఇంకో నెల పోతుంది. పైగా గోడలో గొంతుందని ఇల్లు ఖాళీ చేశానంటే, నాకు నేనే ఏం జవాబు చెప్పుకోను?

దిద్దకూడదని మాత్రం నిశ్చయించుకున్నాను.

నవంబరు 18 నుంచి ఆ గొంతు ఒక్కచోటే ఆగిపోయింది. "పంతొమ్మిదేళ్ళు నూట ఇరవై మూడు." మళ్ళీ అదే. ఇరవై నిమిషాలూ అదే. చెవుల్లో దూది పెట్టుకున్నాను. రేడియో పెట్టాను. ఆ వేళకి స్టేషను దాకా నడిచి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఇంకా చదువుతోంది. నేను విన్నాకే ఆపింది.

పది రోజులు ఊరుకున్నాను. తప్పు అంకె వింటూ ఊరుకోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. మిల్లులో పది కిలోలు తప్పు రాస్తే అది చూసుకునేదాకా అన్నం తినేదాన్ని కాదు. నవంబరు 28, గురువారం, పొయ్యి మీద పాలు పొంగుతుంటే దింపుతూ, ఆలోచించకుండానే అనేశాను.

"నూట ముప్పై మూడు."

"నూట ముప్పై మూడు" అంది అవతల నుంచి.

శుక్రవారం పొద్దున్న చూసుకున్నాను. పంతొమ్మిది లేదు.

ఆ తర్వాత దానికి నా అవసరం లేకపోయింది. డిసెంబరులో పన్నెండో ఎక్కం, సంక్రాంతి వెళ్ళాక తొమ్మిది, ఫిబ్రవరిలో ఎనిమిది, ఏడు, ఒక్క తప్పు లేకుండా తనంతట తనే చదువుకుంది. ఒక్కొక్కటే నా దగ్గర లేకుండా పోయింది. పోయినవన్నీ కాగితం మీద రాసి మంచం పక్కన అంటించి, రోజూ నలభైసార్లు వల్లించాను. రాత్రి వచ్చేవి. తెల్లవారేసరికి ఉండేవి కాదు.

జనవరిలో కాకినాడ వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాను. ఈ రోజు వారం, తేదీ అడిగారు. అయిదు వస్తువుల పేర్లు చెప్పి పది నిమిషాల తర్వాత మళ్ళీ చెప్పమన్నారు. అయిదూ చెప్పాను, ఆయన చెప్పిన వరసలోనే. మతిమరుపు లేదన్నారు. వయసు అని రాశారు. వయసైతే ఎక్కాల్ని ఒకటొకటిగా ఏరుకుని, అవతల ఎవరో నేర్చుకున్న మర్నాడే ఎలా తీసుకుపోతుందో ఆయన్ని అడగలేదు.

లెక్కల పరీక్షలో ప్రశ్నలన్నీ తెలిసినవే. ఎలా చేయాలో తెలుసు. కానీ ప్రతి హెచ్చవేతకీ మార్జిన్లో కూడికలు వేసుకోవలసి వచ్చింది. పన్నెండు ఎనిమిదులు కావాలంటే ఎనిమిది పన్నెండ్లు ఒకదాని కింద ఒకటి రాసి కూడాను. బెల్లు కొట్టేసరికి మూడు పెద్ద లెక్కలు ముట్టుకోకుండానే మిగిలాయి. పక్క వరసలో సుజాత ఎడిషనల్ షీటు అడిగి తీసుకుంది.

ఇంటికి వచ్చి మూడుంపావుకి గోడ పక్కన కూర్చున్నాను. ఏమీ వినబడలేదు. ఆ రోజు నుంచి ఇప్పటి దాకా మళ్ళీ వినబడలేదు. నేను ఆ ఇంట్లోనే ఉంటున్నాను. టేబుల్ కూడా ఆ గోడకే ఉంది.

సుజాత అన్నిట్లో పాసైంది. నాకు ఇంగ్లీషులో నలభై మూడు వచ్చాయి. లెక్కల్లో ఇరవై ఏడు. పాసవ్వాలంటే ముప్పై అయిదు రావాలి.

ఆ గొంతు ఎవరిదో, ఎక్కాలతో దానికి ఏం పనో, నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పను. పోయినవి మాత్రం తెలుసు: పదమూడు, పదిహేడు, పంతొమ్మిది, పన్నెండు, తొమ్మిది, ఎనిమిది, ఏడు. మొత్తం ఏడు ఎక్కాలు. తగ్గిన మార్కులు ఎనిమిది.