ఖాళీ కుర్చీ మీద తెల్ల గొడుగు

మా రత్నంకోట ఒకప్పుడు ఒక సంస్థానానికి రాజధాని అంటే ఇప్పుడు బస్సు కండక్టర్లు కూడా నవ్వుతారు. కోటగోడ కాస్త మిగిలింది, దాని మీద పిడకలు ఎండుతుంటాయి. దివాణం ఆడపిల్లల హాస్టలయింది. గుర్రపుసాలలో సెల్‌ఫోన్ల కొట్లు, ఏనుగులసాలలో టెంటుహౌసువాళ్ల కుర్చీలు. రాజుగారికి పన్నెండు ఏనుగులుండేవనీ, వాటిలో ఒకదానికి మా కాన్వెంటు సిస్టర్లు ఇంగ్లీషు నేర్పారనీ నేను చెబుతుంటాను. మనవలు ఫోన్లలోంచి తలెత్తరు. పల్లంరాజు మాత్రం, "పన్నెండు కాదండి మాస్టారూ, మూడేనండి" అని దిద్దుతాడు. ఇంగ్లీషు సంగతి దిద్దడు.

పల్లంరాజుది రేవులో చేపలు పట్టే కుటుంబం. రాజుగారిని గోదావరి పాయ దాటించింది వాళ్ల తాతలే. ఒడ్డున దిగిన దగ్గర్నుంచి కోట గుమ్మం దాకా ఆయన తల మీద తెల్ల పట్టు గొడుగు పట్టే హక్కూ ఆ ఇంటిదే. ఎస్టేట్లు రద్దయ్యాక కొన్నాళ్లకు రాజుగారి కుటుంబం ఊరు వదిలింది. కార్తికంలో స్వామివారిని తెప్పలో ఊరేగించే సాయంత్రం మాత్రం రేవులో రాజుగారి కుర్చీ వేస్తారు. ఆ ఖాళీ కుర్చీకి పైన గొడుగు పట్టి పల్లంరాజు పక్కనే నిలబడతాడు. తెప్ప ఒడ్డుకు చేరేదాకా చెయ్యి దించడు.

ఆ గొడుగు ఇంకెవరి తల మీదా పట్టకూడదు. వానలో సంత నుంచి తడిసొచ్చిన భార్య వీరదుర్గ, "ఉన్న మనిషికి పట్టవు, లేని మనిషికి పడతావు" అని దెప్పేది. పిల్లలు లేరు. వీరదుర్గ పోయాక దెప్పేవాళ్లూ లేరు. రోజూ సాయంత్రం మా వరండాలో కూర్చుని నా కథలు వింటాడు. ఓసారి తుఫాను మా ఊరి మీదికే వస్తూ, పల్లంరాజు గొడుగు చూసి, ఇక్కడెవరో పెద్దవారున్నారనుకుని యానాం వైపు తిరిగిపోయిందని నా కథ.

"కాదండి. ఆ రోజు గొడుగు మూసే ఉందండి. నేను మంచం కింద ఉన్నానండి" అంటాడు ప్రతిసారీ.

అతనికి ఒకటే కోరిక. చిన్నప్పుడు తండ్రి పట్టగా చూసినట్టు, రాజుగారి ఇంటి మనిషి తల మీద ఒక్కసారి గొడుగు పట్టాలి.

ఈ ఏడు ఉత్సవ కమిటీ ప్రెసిడెంటు సురేష్‌బాబు వచ్చి, "బాబాయ్, రాజుగారి మునిమనవరాలు ఉమాశ్రీగారు వస్తున్నారు, చెన్నై నుంచి" అన్నాడు. పల్లంరాజు వేట మానేశాడు. గొడుగుకు పట్టు చిరిగిన చోట వలదారంతో కుట్టాడు. కర్రకు నూనె రాశాడు.

"ఆవిడ పొడుగాండి, పొట్టా?" అని నన్నడిగాడు.

"ఏడడుగులు."

"ఊరుకోండి మాస్టారూ. చెయ్యి ఎంత ఎత్తాలో తెలియాలి కదండీ."

ఉమాశ్రీ మామూలు ఎత్తే. తెప్ప ఊరేగే సాయంత్రం నేత చీర కట్టుకుని, అందరికీ దండాలు పెడుతూ రేవు దగ్గర కారు దిగింది. పల్లంరాజు వెనకనుంచి వచ్చి గొడుగు తెరిచాడు. ఆమె తలెత్తి చూసింది.

"ఏంటండి ఇది?"

"మీ గొడుగండి. మీ ముత్తాతగారికి మా నాన్న పట్టారండి."

ఆమె ఓ అడుగు పక్కకు వేసింది. గొడుగూ ఓ అడుగు వేసింది. ఆమె ఆగి చేతులు జోడించింది.

"వద్దు అంకుల్. ఇంత పెద్దవారు మీరు నాకు గొడుగు పట్టడమేంటి? నాకు సిగ్గుగా ఉంది. ఇంకెప్పుడూ ఇలా చెయ్యకండి, ప్లీజ్."

రాజుగారి కుర్చీ తనే జరిపి, "మీరు కూర్చోండి" అంది. తను వెళ్లి మెట్ల మీద ఆడవాళ్ల మధ్య కూర్చుంది. ఆ పిల్ల మాటల్లో తప్పు వెతికాను. దొరకలేదు.

పల్లంరాజు కూర్చోలేదు. గొడుగు మూశాడు. కాసేపటికి సురేష్‌బాబు ఆ కుర్చీని టెంటుహౌసు కుర్చీల్లో కలిపేశాడు.

"ఆవిడే వద్దన్నారు కదా బాబాయ్. వచ్చే ఏడు హాయిగా కూర్చుని చూద్దువుగాని."

తెప్ప తిరుగుతున్నంతసేపూ పల్లంరాజు గొడుగును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూనే ఉన్నాడు.

ఇంటికి వస్తుంటే చినుకులు మొదలయ్యాయి. నా నల్ల గొడుగు తెరిచి అతని తల మీద పట్టాను. అతను తల బయటికి తీసి, మూసిన తెల్ల గొడుగును దాని కిందికి జరిపాడు.

"తడుస్తున్నావయ్యా."

"పట్టు తడిస్తే మచ్చపడుద్దండి."

వాళ్ల ఇంటి దగ్గర తాళం తీసి, లోపలికి వెళ్లకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"ఆ తుఫాను కథ చెప్పండి మాస్టారూ."

చెప్పాను. తుఫాను వచ్చింది, గొడుగు చూసింది, యానాం వైపు తిరిగిపోయింది. అక్కడ ఆగాను. ఎప్పుడూ అక్కడే "కాదండి" అంటాడు.

"ఊఁ" అన్నాడు పల్లంరాజు. "తర్వాతండి?"