దొంగల సినిమాలో మా అత్త గొంతు

నా మొహంలో దొంగ ఉన్నాడని మొదట కనిపెట్టినవాడు ఒక సినిమా డైరెక్టరు. హోసూరు పక్కన జూజువాడి చెక్‌పోస్టు దగ్గర నాది పంక్చర్ల కొట్టు. అతని కారు చక్రం నట్టు ఊడి రాక నేను పళ్ళు కొరుకుతుంటే, పక్కన టీ తాగుతూ చాలాసేపు నన్నే చూశాడు. "అన్నా, మా సినిమాలో దొంగగా చేస్తారా?" అని అడిగాడు. నాకు కోపం రావాలి. రాలేదు. పైగా ఇంటికి వెళ్ళి అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాను.

చిన్న సినిమా అది. ఊరి నీళ్ళన్నీ తన మామిడితోటకే మళ్ళించుకున్న పెద్దమనిషి ఒకడు ఉంటాడు. కోపమొచ్చిన దొంగలు ఒక్క రాత్రిలో ఆ తోట మొత్తం కోసి లారీకెత్తాలి. అంతే కథ. తోట కావాలంటే నేనే వాళ్ళను వేప్పనపల్లి దగ్గర మా ఊరికి తీసుకుపోయాను. తోట మా మేనత్తది. హీరో బెంగళూరు నుంచి వచ్చాడు. నున్నగా, తెల్లగా, ఎంత ఎండలోనూ చెమట పట్టని మనిషి. మిగతా దొంగలం నేను, నా తమ్ముడు, ఊళ్ళో ఆ రోజు ఖాళీగా దొరికినవాళ్ళు.

రాత్రి జరిగే దొంగతనాన్ని పట్టపగలే తీశారు. తర్వాత కంప్యూటరులో చీకటి చేస్తారట. మండుటెండలో టార్చిలైట్లు వేసుకుని, ఒకరినొకరం తడుముకుంటూ నడిచాం. దారిన పోయే గొర్రెల కాపరి ఒకాయన ఆగి మమ్మల్ని చూశాడు. ఏమీ అడగకుండానే గొర్రెల్ని తోలుకుని వెళ్ళిపోయాడు.

అసలు గొడవ కాయలు కోసేటప్పుడు వచ్చింది. డైరెక్టరు చెప్పింది తేలికే. హీరో చెట్టెక్కి కాయలు కోసి కిందికి వేస్తాడు, మేం పట్టుకుని లారీలోకి విసరాలి. హీరో వేశాడు, నేను పట్టుకున్నాను. కాయ చేతికి తగలగానే నా చేతులు నా మాట వినలేదు. తొడిమ తుంచి, కాయను ఎండుగడ్డి మీద బోర్లించాను. పక్కకు చూస్తే తమ్ముడిదీ అదే పని. కోసిన వెంటనే బోర్లించి సొన కారనివ్వకపోతే ఆ సొన కాయ మీదే పారి నల్లమచ్చలు పడతాయి. మా వైపు చిన్నపిల్లలు కూడా ఎవరూ చెప్పకుండానే చేసే పని అది. కాసేపటికి దొంగలందరం వరసగా గొంతుక్కూర్చుని కాయలు బోర్లిస్తున్నాం. లారీ మాత్రం ఖాళీగా ఉంది.

"మీరు దొంగలు, అన్నా" అని డైరెక్టరు మొత్తుకున్నాడు. "ఓనరు వచ్చేస్తున్నాడు. మీరు పారిపోవాలి."

మళ్ళీ తీశారు. ఈసారి నేను మనసు రాయి చేసుకుని ఒక కాయను లారీలోకి విసిరాను. అంతే. నీడలో కూర్చుని చూస్తున్న అత్త లేచి కెమెరాకు అడ్డంగా వచ్చేసింది.

"ఏమప్పా, మీ చేతులు పడిపోయినాయా? అట్ల ఇసిరితే కాయ యాడ నిలుస్తుంది? దొంగతనం చేస్తే చేయండి, సొన కారనిచ్చి చేయండి. మచ్చల కాయ ఎత్తుకపోయి ఎవురి మొగాన కొడతారు?"

అత్త గొంతు గురించి కొంచెం చెప్పాలి. ఏళ్ళ తరబడి ఆ తోటలో ఒక్కతే చిలకల్ని తోలి తోలి అది అలా తయారైంది. ఈ గట్టున ఆమె మాట్లాడితే ఆ గట్టున ఎద్దులు తలెత్తుతాయి. పెళ్ళిళ్ళలో ఆమెను పురోహితుడికి దూరంగా కూర్చోబెడతాం. ఫోనులో మాట్లాడుతుంటే, ఇంక ఫోను దేనికని అడుగుతాం. ఆమె కూడా మాతో నవ్వేస్తుంది.

సౌండు చూసుకునే మనిషి చెవులకున్న హెడ్‌ఫోన్లు పీకేసుకున్నాడు. డైరెక్టరు మాత్రం కుర్చీలోంచి జారిపడేలా నవ్వి, అక్కడికక్కడే కథ మార్చేశాడు. ముఠాకు పెద్దదిక్కు మా అత్త. ఓనరు టార్చి వేసుకుని దగ్గరికొస్తున్నా సరే, సొన కారేదాకా ఒక్క కాయను కూడా లారీ ఎక్కనివ్వని ముసలి దొంగ. ఆ రోజంతా ఆమె తిట్టింది, మేం తిట్లు తిన్నాం. నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ తిట్లు తినలేదు.

సామాన్లు సర్దుకునేటప్పుడు డైరెక్టరు అత్తకు దండం పెట్టి, "చాలా బాగా చేశారమ్మా. గొంతే మరీ పెద్దదిగా ఉంది. సిటీలో వేరే ఆర్టిస్టు చేత డబ్బింగ్ చెప్పిస్తాంలెండి" అన్నాడు.

డబ్బింగ్ అంటే ఏమిటని అత్త నన్నడిగింది. చెప్పాను.

"నా మొగం తీసేసినా బాధ లేదప్పా" అంది. "ఆ మాటలు నేను చెప్పినాను గదా. నా మాటలు ఎత్తుకపోయి ఇంకొకామె నోట్లో పెడితే ఎట్ల?"

దొంగల సినిమాలో నిజమైన దొంగతనం అదేననిపించింది నాకు. ఒళ్ళు మండింది. తర్వాత డైరెక్టరుకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో లెక్కలేదు. ఆ గొంతు లేకపోతే ఆ సీనులో ఏమీ మిగలదని పోట్లాడాను. "చూద్దామన్నా" అనేవాడు. ఊరికి పోయినప్పుడల్లా అత్త కాఫీ ఇచ్చి నా మొహంలోకి చూసేది.

చివరికి సినిమా హోసూరుకు వచ్చింది. ఇంటిల్లిపాదీ వ్యానెక్కాం. "ఎవురిదో గొంతు వినేదానికి అంత దూరం రావల్లా" అని సణిగిన అత్త, అందరికంటే ముందు పట్టుచీర కట్టుకుని వాకిట్లో నిలబడింది.

హీరో వచ్చినప్పుడు ఎవరో ఒకరు మొహమాటానికి ఈల వేశారు. అతని పాటలో జనం లేచి పాప్‌కార్న్‌కు పోయారు. దొంగలం వచ్చాక హాలు కుదురుకుంది. తెరమీద నా మొహం అంతెత్తున కనబడగానే నా భార్య "అచ్చం దొంగే" అంది గర్వంగా. టార్చిలైట్లకు నవ్వారు, తమ్ముడి నడకకు నవ్వారు, మేం బోర్లించడం మొదలుపెట్టగానే పడీ పడీ నవ్వారు. హీరో చెట్టు మీద ఉన్నాడన్న సంగతే అందరూ మరిచిపోయారు.

అప్పుడు తెరమీదికి అత్త వచ్చింది. పక్క సీట్లో అత్త నా మణికట్టు పట్టుకుంది. తెరమీది అత్త నోరు తెరిచింది.

చిలకల్ని తోలిన గొంతే. రవ్వంత కూడా తగ్గించలేదు. హాలు నాలుగు మూలల నుంచీ "ఏమప్పా, మీ చేతులు పడిపోయినాయా?" అని వినబడింది. జనం సీట్లు చరుస్తూ నవ్వారు. నా కళ్ళు తడిసిపోయాయి, చెప్పడానికి సిగ్గెందుకు.

అత్త ఆగలేదు. "నేనే అన్నాను, ఆ పొద్దు ఎండకు నా నోరు ఆర్చుకపోయినాది, అయినా విడవలేదు" అంటూ మా వరస మొత్తానికి కథ చెప్పడం మొదలుపెట్టింది. వెనక వరసలోంచి ఒకాయన ముందుకు వంగాడు. చీకట్లో అతనికి అత్త వీపు తప్ప ఏమీ కనబడటం లేదు.

"అమ్మా, కొంచిం ఊరుకోమ్మా" అన్నాడు. "ఆ పెద్దామె ఏం చెప్తా ఉందో విననీ."

అత్త వెనక్కి తిరగలేదు. "సరేప్పా, విను" అంది.

అత్త అంత మెల్లగా మాట్లాడగలదని మాలో ఎవరికీ తెలియదు.