బుచ్చయ్య చదివిన గీతలు

మొఘల్‌పురాలో బుచ్చయ్య దుకాణానికి బోర్డు ఉండేది కాదు. గోడకు ఆనించిన పాత టైర్లే గుర్తు. మోటారు టైరు అరిగి నున్నబడితే డ్రైవర్లు ఆయన దగ్గరికి తెచ్చేవారు. చాకు కొనను బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, మిగిలిన రబ్బరులో మళ్లీ గీతలు కోసేవాడు. లోతు ఎక్కువైతే లోపలి గుడ్డ తేలుతుంది, తక్కువైతే నెల తిరక్కుండా మాసిపోతుంది. ఎక్కడ ఆగాలో ఆయన చేతికి తెలుసు. ఎవరూ నేర్పింది కాదు. నేను పక్క దుకాణంలో సైకిళ్లు బాగుచేసేవాణ్ణి. కాలిన రబ్బరు వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే ఆ గల్లీయే గుర్తుకొస్తుంది.

ఆయన కోసే గీతను మేం చేపముల్లు అనేవాళ్లం. నడుమ వెన్ను, రెండు పక్కలా వాలుగా ముళ్లు. దుమ్ములో అచ్చు పడినప్పుడు చేప తల ఎటు ఉంటే బండి అటు పోయినట్టు. ఈ తెలివి వల్లే బుచ్చయ్య మోటారు పందేలకు తీర్పరి అయ్యాడు.

ఏటా చలికాలంలో ఒక శుక్రవారం పొద్దున నవాబుల, జాగీర్దార్ల దేవిడీల్లో మోటార్లు నడిపే డ్రైవర్లకు పందెం జరిగేది. చాంద్రాయణగుట్ట నుంచి దక్షిణం రోడ్డున నాలుగో మైలురాయి దాకా పోయి, దాన్ని చుట్టి తిరిగి రావాలి. అప్పటికి తారు లేదు. మొరం, దాని మీద మడమల లోతు దుమ్ము. గెలిచినవాడికి ఒక తలపాగా, ఏడాది పొడుగునా చెప్పుకోవడానికి ఒక మాట. ముందున్నవాడు దారి ఇవ్వడు, వెనకవాడు ఊరుకోడు. లొల్లంతా అక్కడే.

దానికి బుచ్చయ్య ఒక నియమం పెట్టాడు. వెనకవాడు దాటబోతే ముందున్నవాడు అడ్డంగా ఒక్కసారి జరగవచ్చు, అది అతని హక్కు. రెండోసారి తిరిగితే తప్పు. తప్పు చేసి దారి మాత్రమే మూస్తే వచ్చే ఏడు అందరి వెనక నిలబడాలి. దాని వల్ల అవతలి బండి రోడ్డు దిగితే ఒక పందెం బంద్, అంటే తరువాతి పందెంలో దిగకూడదు. బండి ఎంత విరిగిందన్నది లెక్కలోకి రాదు.

"గుంత లోతుగ ఉంటే ఎక్కువ ఇరుగుతది. గుంత తవ్వినోడు డ్రైవరు కాదు గద," అనేవాడు.

అడ్డుకోవడంలో సీమోనును మించినవాడు లేడు. ఒక జాగీర్దారు సాహెబ్ దేవిడీలో మోటారు నడిపేవాడు. రోడ్డు నడుమ బండి పెట్టాడంటే అద్దంలో వెనకవాణ్ణి చూస్తూ వాడు ఎటు వస్తాడో వాడికన్నా ముందే తెలుసుకునేవాడు. "నా ఎనక వచ్చేటోళ్లు ఇంట్ల తిని రావద్దు. దుమ్ముతోనే కడుపు నిండుతది," అని నవ్వించేవాడు.

ముప్పై తొమ్మిది జనవరి పందెం నాటి పొద్దున సీమోను బండికి ఎడమ వెనక చక్రం పంక్చరైంది. దుకాణం ముందుకు తెచ్చి ఆపాడు. బుచ్చయ్య అప్పుడే కోసి పెట్టిన టైరు ఎక్కించి బిగించాడు. మిగిలిన మూడూ అద్దంలా అరిగినవే. "జల్ది, అన్నా, జల్ది," అంటూ సీమోను స్టీరింగ్ దగ్గరే కూర్చున్నాడు.

తిరుగు దారిలో సీమోను ముందు, ఇంకో దేవిడీ డ్రైవరు బాలకిషన్ వెనక. రోడ్డు కింది నీళ్ల మోరీ దగ్గర బాలకిషన్ కుడివైపు నుంచి దాటబోయాడు. సీమోను కుడికి జరిగాడు. బాలకిషన్ బండి రోడ్డు దిగి గుంతలో పడింది, ముందు చక్రం విరిగింది. మనిషికి దెబ్బ తగల్లేదు.

"రెండుసార్లు అడ్డమొచ్చిండు. ఎడమకు జరిగినట్టు చేసి మళ్ల నా మీదికొచ్చిండు," అన్నాడు బాలకిషన్.

"ఒక్కసారే జరిగిన," అన్నాడు సీమోను.

బుచ్చయ్య చెప్పులు విడిచి, వంగి, మోరీకి ఇటూ అటూ నడిచాడు. సీమోను బండి ఎడమ వెనక టైరు అచ్చు రెండు వరసలుగా పడి ఉంది. ఒక వరస ఒక్కసారి పక్కకు జరిగి తిన్నగా పోయింది. రెండోది అటూ ఇటూ రెండుసార్లు మెలికలు తిరిగింది. మెలికల వరసలో చేప తలలు గుట్ట వైపు, అంటే తిరిగి వచ్చే వైపు, చూస్తున్నాయి.

"వచ్చేటప్పుడు రెండుసార్లు తిరిగినవ్ సీమోనూ."

"అది పోయేటప్పటిదన్నా. బర్రెలు అడ్డమొస్తే తప్పించిన."

"పోయేటప్పటిది గీ ఒక్క మలుపుది. మనిషి మరుస్తడు భాయ్, మట్టి మరువదు."

ఒక పందెం బంద్ అని బుచ్చయ్య చెప్పాడు. నియమం ప్రకారం అంతే. అయితే తన డ్రైవరు దగా చేశాడన్న మాట జాగీర్దారు సాహెబ్ చెవిన పడింది. ఆయన సీమోనును స్టీరింగ్ నుంచి దింపి, బండ్లు కడిగే పనిలో పెట్టాడు. ఆ తరువాత సీమోను మా గల్లీలోకి రావడం మానేశాడు. ఒకనాడు బుచ్చయ్య భార్య నాగమణమ్మ దేవిడీ వైపు నుంచి వచ్చి, "సీమోను రెండు చేతుల బకెట్లు పట్టుకొని పోతుండు. నన్ను జూసి తల దించుకున్నడు," అంది. బుచ్చయ్య చాకు కాల్చుకుంటూనే ఉన్నాడు. ఆ రోజు ఒక టైరు లోతుగా తెగి పాడైంది.

వానలు మొదలయ్యాక సాహెబ్ దేవిడీ కొత్త డ్రైవరు అదే బండిని పంక్చరుకు తెచ్చాడు. బుచ్చయ్య ఎడమ వెనక చక్రం దగ్గర కూర్చుని ముళ్ల అంచు మీద బొటనవేలు పోనిచ్చి ఆగాడు. మళ్లీ పోనిచ్చాడు. టైరు ఎక్కించేటప్పుడు బయటి వైపు తెలియడానికి చాకుతో చిన్న గంటు పెట్టడం ఆయన అలవాటు. చక్రం విప్పి చూస్తే గంటు లోపలి వైపు ఉంది.

"ఈ టైరు ఎవరన్న ఇప్పిండ్రా?"

"లేదన్నా. నువ్వు బిగించినప్పటిదే. గిప్పుడే చెడింది."

బుచ్చయ్య నన్ను పిలిచి, బూడిద పరిచి, దాని మీద టైరును దొర్లించి చూపించాడు. తిరగేసి బిగించిన టైరు అచ్చులో చేప తల బండి పోయిన వైపు కాక, వచ్చిన వైపు చూస్తుంది. ఆనాడు ఆయన పోయినప్పటి గీతను వచ్చినప్పటిదిగా, వచ్చినప్పటిదాన్ని పోయినప్పటిదిగా చదివాడు. మెలికలు బర్రెలవి. బాలకిషన్‌కు అడ్డంగా జరిగింది ఒక్కసారే.

"మట్టి సరిగ్గనే చెప్పింది. చెయ్యి నాది తప్పింది," అన్నాడు. ఆ పూట అన్నం తినలేదు.

మరునాడు టైరు భుజాన వేసుకుని దేవిడీకి పోయాడు. నేనూ వెంట పోయాను. జాగీర్దారు సాహెబ్ ముందు టైరు పెట్టి, "సర్కార్, గల్తీ నాది. సీమోను దగా చెయ్యలే," అని జరిగింది చెప్పాడు.

సాహెబ్ చాలాసేపు టైరు చూశాడు. "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుండె?"

"సీమోనుకు తెలుసు సర్కార్. ఆ పొద్దుటి నుంచే తెలుసు."

ఆ వారమే సీమోను మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

బుచ్చయ్య అంతటితో ఊరుకోలేదు. డ్రైవర్లందరినీ దుకాణం ముందుకు పిలిచి తనకు సజా చెప్పమన్నాడు.

"పెద్దోనివి. అందరికీ చాయ్ తాపియ్యి, అయిపోతది," అన్నాడు బాలకిషన్. తను అప్పుడు చెప్పింది తప్పని అతని ముఖమే ఒప్పుకుంటోంది.

"చాయ్ తాపితే తీరేదైతే సీమోనుకు గూడ గదే చెప్పకపోదునా?"

అందరూ సీమోను వైపు చూశారు. అతను బీడీ ఆర్పి, "నీ వల్ల నేను రోడ్డు దిగిన. రోడ్డు దిగితే ఒక పందెం బంద్. వచ్చే పందానికి నువ్వు తీర్పు చెప్పద్దు. గంతే," అన్నాడు.

"ఆరు నెలలు నీళ్లు మోసినవ్. గది లెక్క లేదా?"

"మోయమన్నది నువ్వు కాదు గద."

బుచ్చయ్య తల ఊపాడు. ఆ తీర్పు ఆయనకు నచ్చిందని నాకు తెలిసింది.

సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. ఆ ఏడు పందెం పెట్టలేదు. తరువాత పెట్రోలుకు రేషన్ చీటీలు వచ్చాయి, దేవిడీల మోటార్లు షెడ్లలో నిలిచిపోయాయి. సీమోను బొగ్గు గ్యాసుతో నడిచే లారీకి మారాడు. కొత్త టైర్లు దొరక్క బుచ్చయ్యకు పని పెరిగింది. అయితే టాంగాలు రాసుకున్నా, సైకిళ్లు గుద్దుకున్నా, "అచ్చు చూసి చెప్పు" అని ఎవరొచ్చినా లేచేవాడు కాదు. "నాకు బంద్ నడుస్తుంది," అనేవాడు. కొత్తవాళ్లకు ఆ మాట అర్థమయ్యేది కాదు.

యుద్ధం ముగిసిన ఏడు సీమోను ఒక సాయంత్రం లారీ ఆపి దిగాడు. జుట్టు నెరిసింది, ముఖమంతా బొగ్గు మసి.

"ఆరేండ్లాయె అన్నా. నేనే చెప్పిన, నేనే ఇడిసిపెడుతున్న. చాంద్రాయణగుట్ట దిక్కు రెండు లారీలు రాసుకున్నయి, రేపు వచ్చి చూడు."

"ఏండ్లు అన్లే నువ్వు. ఒక పందెం అన్నవ్."

"పందేలు ఇంక యాడియి?"

"జరగకుంటే తీరినట్టెట్ల?"

సీమోను పీట లాక్కుని ఆయన పక్కనే కూర్చున్నాడు. నాగమణమ్మ చాయ్ తెచ్చింది. చీకటి పడేదాకా ఇద్దరూ పాత పందేల గురించి మాట్లాడుకున్నారు.