బోర్డు దిక్కు తిరిగిన సారు

మా లెక్కల సారు పోయారు. కంఠేశ్వర్‌లో ఒకరింట్లో ఫ్యాను బిగిస్తుంటే బోధన్ నుంచి ఫోన్ వచ్చింది. "తమ్మీ, సారు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంట తాగుకుంటనే పోయిండు," అన్నాడు సారు బార్‌లో వంట చేసే అన్న. నేను స్టూలు దిగి స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టాను. ఎవరు పోయారని ఆ ఇంటామె అడిగితే, మాకు లెక్కలు చెప్పిన సారనీ, తర్వాత బార్ నడిపారనీ చెప్పాను. "సారు బార్ నడుపుడేంది?" అందామె.

సారుకు తాగుడు అలవాటు లేదు. సోడా కూడా తేన్పులొస్తాయని సగంలో వదిలేసే మనిషి. అలాంటాయన రిటైరయ్యాక చేతికొచ్చిందంతా పెట్టి బోధన్‌లో నడుస్తున్న బార్ కొన్నారని తెలిసి ఊరంతా ముక్కున వేలేసుకుంది. సారు భార్యను మేం అమ్మ అనేవాళ్ళం. ఆమె చాలా రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఎందుకు కొన్నారని నేనే ఒకసారి అడిగాను. "ఇంట్ల గోడలకు పాఠం చెప్పలేను రా. నలుగురు కూసునే జాగ కావాలె," అన్నారు. ఇంకోసారి అడిగితే, "మనిషి తాగినంక ఏం మాట్లాడ్తడో ఇనాలని," అన్నారు. రెండూ నిజమే అయ్యుంటాయి.

లెక్కల మనిషి కదా, కొనేముందు చూసుకునే కొన్నారు. అమ్మే ఆయన రమ్మన్న రోజు హాలు కిటకిటలాడుతోంది. అవి చెరుకు కొట్టే రోజులనీ, ఆ కుర్చీల్లో ఉన్నది మహారాష్ట్ర దిక్కు నుంచి వచ్చిన లారీ డ్రైవర్లనీ సారుకు తట్టలేదు. లైసెన్సు తన పేరు మీదికి మారేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగారు. తీరా తాళాలు చేతికొచ్చిన రోజే వంట అన్న మానేసి ఊరికి వెళ్ళిపోయాడు. "సారు బార్ కొన్నడు గని వండే చెయ్యి కొనలే," అని పక్క దుకాణం వాళ్ళు నవ్వారు. సారు నందిపేట్ దాకా వెళ్ళి, ఆ అన్న వాకిట్లో మంచం మీద కూర్చుని, బతిమాలి వెంట తెచ్చుకున్నారు. అప్పట్లో నేను బోధన్‌లోనే ఉండేవాణ్ణి, బార్ వైరింగు పని నాదే. కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా, "తాగెటోడు ఇంటికి పోతడు, ఫ్రిజ్ పోదు గద," అనేవారు నాతో.

ఇవన్నీ తట్టుకున్నారు. అసలు చిక్కు వేరే ఉంది. ఆ చుట్టుపక్కల తాగే వయసున్న వాళ్ళలో సగం మంది సారు దగ్గర చదువుకున్నవాళ్ళే. తలుపు తోయగానే కౌంటర్‌లో అదే తెల్ల చొక్కా, జేబులో అదే పెన్ను. ఇక కాలు లోపలికి పడేది కాదు. ఒకడు సోడా తాగి పోయేవాడు, ఇంకొకడు ఎగ్ రైస్ పార్సిల్ కట్టించుకునేవాడు. మా క్లాసు లీడరైతే "ఊకనే, మిమ్ముల సూసి పోదామని వచ్చిన సార్," అని కాళ్ళు మొక్కి మరీ వెళ్ళాడు. నేను బల్బు చూసే వంకతో వెళ్ళి, నిజంగానే బల్బు చూసి వచ్చాను. చెరుకు రోజులు అయిపోయాయి, లారీలు వెళ్ళిపోయాయి, హాలు ఖాళీ అయింది. ఇల్లు అమ్ముకోవాల్సి వస్తుందని అమ్మ బెంగపెట్టుకుంది. సారు అందరినీ అడిగేవారు, "కూర మంచిగ లేదా? బీరు సల్లగ లేదా?" అని. ఎవరు మాత్రం ఏమని చెబుతారు?

చివరికి వంట అన్నే నోరు తెరిచాడు. "సార్, మీరు గిట్ల ఎదురుంగ కూసుంటె గిది క్లాసు అయితది గని బార్ గాదు."

సారు నొచ్చుకుంటారనుకున్నాను. ఆయనకు వింతగా అనిపించింది. "గింత పెద్దగయినంక గూడ నేనంటె భయమా రా?" అని నన్ను అడిగారు. భయం కాదు సార్ అన్నాను. "మరేంది?" అన్నారు.

మర్నాడు కుర్చీని గోడ వైపు తిప్పించారు. హాలుకు వీపు పెట్టి కూర్చున్నారు. "నేను బోర్డు దిక్కు తిరిగిన. ఇగ మీ ఇష్టం," అన్నారు.

ఆ మాట ఊళ్ళో పాకింది, బార్ నడిచింది. మీకు నవ్వు రావచ్చు, కానీ పెద్ద పెద్ద మనుషులు వచ్చి ఆ వీపుకే నమస్తే పెట్టి మూలకు వెళ్ళి కూర్చునేవారు. సారు గోడను చూస్తూనే పలకరించేవారు. బోర్డు మీద రాసే మనిషికి వెనక ఎవడేం చేస్తున్నాడో తెలియకపోవడమేమిటి? దగ్గును బట్టే మనిషిని పట్టేవారు. "కిటికి కాడున్నోడా, నీకు ఇగ సాలు. బిడ్డ ఎదురుసూస్తది, పో," అనేవారు. వాడు గ్లాసు అక్కడే పెట్టి లేచేవాడు. గిరాకీ పాడు చేస్తున్నారని వంట అన్న సణిగితే, "రేపు మల్ల రావాలంటె ఇయ్యాల మంచిగ ఇల్లు చేరాలె గద," అనేవారు. ఒకసారి పసుపు పంట దెబ్బతిన్నవాడొకడు వచ్చి వెక్కివెక్కి ఏడ్చాడు. సారు వెనక్కి తిరగలేదు. "లెక్క తప్పితె కొట్టేసి కింద మల్ల చెయ్యాలె రా. పేజి చింపద్దు," అన్నారు. సారు ఎదురుగా చూస్తుంటే వాడు ఏడ్చేవాడే కాదు.

బార్ మీద పెద్దగా మిగిలిందేమీ లేదు. ఇల్లు మాత్రం నిలిచింది, అమ్మ మళ్ళీ మాట్లాడింది. ఆ వీపు వెనక కూర్చుని మేం చెప్పుకున్న కష్టాలు ఇంట్లో కూడా చెప్పుకోలేదు. ఆ రుణం తీరేది కాదు.

నేను బోధన్ చేరేసరికి సారును వాకిట్లో పడుకోబెట్టారు. తల కింద దిండు ఎత్తుగా పెట్టి, ముఖాన్ని మేమంతా నిలబడ్డ టెంటు వైపు కొద్దిగా తిప్పారు. మా దిక్కు చావు దగ్గర మగవాళ్ళకు మందు పోయడం ఆనవాయితీ. వంట అన్న బార్ నుంచి ఒక పెట్టె తెచ్చి టెంటు కింద పెట్టాడు. "తీస్కోండ్రి బిడ్డా, పొద్దటి సంది నిలవడ్డరు," అంది అమ్మ కూడా.

ఎవరూ ముందుకు కదల్లేదు. నెరిసిన తలతో మా క్లాసు లీడరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతన్ని చూసి నేనూ కట్టుకున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత సారు మా వైపు తిరిగి ఉన్నారు.