అప్పన్న గుర్రాల పిలుపు

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నాకు మొదట నవ్వొస్తుంది, తర్వాత విసుగొస్తుంది. శృంగవరపుకోటలో ముప్పై ఏళ్లకి పైగా కాంపౌండరుగా పని చేసినవాణ్ణి. దెయ్యం పట్టిందని మా ఆసుపత్రికి మోసుకొచ్చిన ఆడవాళ్లలో సగం మందికి మలేరియా, మిగతా సగం మందికి అత్తగారు. మొదటివాళ్లకి క్వినైన్ ఇచ్చేవాళ్లం, రెండోవాళ్లకి రెండు రోజులు మంచం ఇచ్చేవాళ్లం. అందరికీ నయమయ్యేది.

కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని నేనెవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

పందొమ్మిది వందల అరవై ఏడో, అరవై ఎనిమిదో. దసరా వెళ్లిన కొద్ది రోజులకి. అప్పటికి విజయనగరం జిల్లా ఇంకా పుట్టలేదు. దేశాలు చూసుకుంటూ తిరిగే విదేశీ యాత్రికుల ఓడ ఒకటి విశాఖ రేవులో రెండు రోజులు ఆగింది. వాళ్లకి మన కొండలు చూపిద్దామని విశాఖలో ఒక పెద్దమనిషికి ఆలోచన వచ్చింది. పొద్దున్నే వ్యానులో మా కోట దాటించి కొండ మొదలు దాకా తీసుకురావాలి. అక్కడినుంచి గుర్రాల మీద నాలుగు మైళ్లు పైకి తీసుకెళ్లి జలపాతం చూపించాలి. సాయంత్రానికి తిరిగి ఓడ ఎక్కించెయ్యాలి. ఆ రాత్రికే ఓడ కదిలిపోతుంది.

నాకు ఇంగ్లీషు వచ్చు, మందుల పెట్టె మొయ్యగలను. రెండు పనులకీ ఒక్కడే సరిపోతాడని నన్ను కుదుర్చుకున్నారు.

గుర్రాలంటే రాజుల గుర్రాలు అనుకునేరు. కొండల మీదినుంచి సంతకి పసుపూ చింతపండూ మోసే పొట్టి గుర్రాలవి. జీన్లు లేవు. గోనెసంచులు మడతపెట్టి వాటి మీద దుప్పట్లు పరిచారు. ఒక పొడుగాటి దొర ఎక్కితే ఆయన కాళ్లు నేలకి జానెడు ఎత్తున వేలాడాయి. గుర్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసి, పసుపు బస్తా కంటే ఇదేమంత గొప్ప అన్నట్టు నడక మొదలెట్టింది. ఆరు గుర్రాలు, ఆరుగురు యాత్రికులు, అందరూ అరవై దాటినవాళ్లే. నేను మాత్రం కాలినడక.

గుర్రాలు నడిపించిన మనిషి పేరు పైడమ్మ. ముప్పై ఏళ్లుంటాయేమో. మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది. ముందున్న ఆడగుర్రం తాడు పట్టుకుని ఎక్కడా ఆగకుండా కొండెక్కేది. వరస చివర్లో ఆమె మరిది సూర్రావు నడిచేవాడు. అతను మాట్లాడింది తక్కువ.

నాకు ఊరికే నడవడం చేతకాదు, ఏదో ఒకటి అడుగుతూ ఉండాలి. సంతలో యాభై గుర్రాలు కలిసిపోతే ఎవరివి వాళ్లు ఎలా ఏరుకుంటారని పైడమ్మని అడిగాను.

"ఏరుకోడం ఏటి బాబూ, పిలుత్తాం," అంది. "ఒకో మొగోడికి ఒకో పిలుపు. గుర్రం పిల్లగా ఉన్నప్పుడే గుప్పెడు సోళ్లు పెడతా అలవాటు సేస్తాడు. ఇంక అది యినబడితే ఎక్కడున్నా వచ్చేస్తాది." సోళ్లంటే రాగులు.

"మరి నీ పిలుపు ఎలా ఉంటుంది?" అన్నాను.

"నాకు పిలుపెక్కడిది? ఇవి మా మావ గుర్రాలు. మావ పిలుపుకే వస్తాయి. అందుకే నాను తాళ్లు కట్టి తిప్పుతన్నాను."

మావ అంటే ఆమె మొగుడు, అప్పన్న. కిందటేడు శ్రావణంలో వాన పడుతుండగా ఆడగుర్రాన్ని తోలుకుని ఈ జలపాతం పైనున్న ఊళ్ల సంతకి వెళ్లాడట. మర్నాడు గుర్రం ఒక్కటే బరువుతో ఇంటికొచ్చింది. మనిషి రాలేదు. శవమూ దొరకలేదు. గెడ్డలో, అంటే కొండవాగులో, కొట్టుకుపోయాడని కొందరు, కొత్త రైలు లైను సొరంగాల పనికి పారిపోయాడని కొందరు. ఈ కార్తీకంలో దినం చేసెయ్యాలని ఊరి పెద్దలూ సూర్రావూ పట్టుబడుతున్నారు. పైడమ్మ ఒప్పుకోవడం లేదు. బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు.

దానికి ఆమె దగ్గర రుజువుంది.

"బతికున్నోడి పిలుపు ఇంకోడి నోటికి రాదు బాబూ. మనిసి పోయినాకే ఎవులి నోటికైనా వస్తాది. మా మరిది సిన్నప్పట్నుంచీ అన్న ఎనకాలే తిరిగినోడు. ఏడాది బట్టి అదే పిలుపు అరుస్తన్నాడు. ఒక్క గుర్రమైనా సెవి కదిపిందేటి? నా మావ ఉన్నాడు. ఎక్కడో ఉన్నాడు, వస్తాడు."

వెనక సూర్రావు తల దించుకుని నడుస్తున్నాడు. నేను ఊరుకోవచ్చు కదా. గుర్రం గుర్తుపట్టేది గొంతుని, మాటని కాదు, అన్నదమ్ములైనా గొంతులు వేరుగా ఉంటాయి అని నాకు తెలిసిన శాస్త్రం చెప్పాను. ఆమె నవ్వింది. "మందులు నీకు తెలుసు, గుర్రాలు నాకు తెలుసు," అంది. అంతటితో నా శాస్త్రం ముగిసింది.

మధ్యాహ్నానికి జలపాతం చేరాం. వానాకాలం వెళ్లిన కొత్త కదా, నీళ్లు బాగా ఉన్నాయి. పక్కనున్న మనిషికి చెప్పాలన్నా అరవాల్సిందే. యాత్రికులు డబ్బాలు విప్పుకుని తిన్నారు. బూట్లు విప్పి నీళ్లలో దిగారు. సూర్రావు ఆడగుర్రాన్ని ఒక పొదకి కట్టి మిగతావాటిని వదిలేశాడు. అదెక్కడుంటే అవీ అక్కడే మేస్తాయట.

పెద్దవాళ్ల ముందు ఎందుకని నేను నాలుగడుగులు పక్కకెళ్లి బీడీ వెలిగించాను. రెండు గంటలై ఉంటుంది. ఎండ చురుక్కుమంటోంది. దెయ్యాలకి అనుకూలమైన వేళ కానేకాదు.

అప్పుడు వినబడింది. ఎడంచేతి పక్క, పైన వెదురు పొదల్లోంచి. అడుగునెక్కడో మొదలై, పైకి లేచి, మధ్యలో చటుక్కున విరిగి, చివర నాలుకతో రెండుసార్లు టక్కు టక్కుమని కొట్టినట్టు. నన్ను ఆశ్చర్యపెట్టింది ఆ పిలుపు కాదు. అంత నీళ్ల హోరులో అది కేకలా లేదు. పక్కన కూర్చున్నవాడు మామూలుగా అన్నట్టుంది.

ఆడగుర్రం తలెత్తింది. ఒక్క గుంజు గుంజితే పొద వేళ్లతో సహా లేచొచ్చింది. అది ముందు, మిగతా ఐదూ వెనక, వరసలో నడిచినట్టే నడిచి వెదుళ్లలోకి వెళ్లిపోయాయి.

పైడమ్మ పరిగెత్తుకొచ్చింది. సూర్రావు సోళ్ల సంచి ఊపుతూ అరిచాడు. ఏం లాభం లేదు. యాత్రికులు లేచి నిలబడ్డారు. గొడుగేసుకున్న ముసలావిడ, ఓడ మా కోసం ఆగదు కదా అని నన్నడిగింది. ఆగదన్నాను. ఆ వయసువాళ్లని నాలుగు మైళ్లు నడిపించి దింపడం నా వల్లా కాదు, ఎవరి వల్లా కాదు.

"పైన ఎవరో పిలిచారు పైడమ్మా, అందుకే వెళ్లాయి," అన్నాను.

ఆమె ఆగిపోయింది. "ఎవులు పిలిసినారు? ఎలాగ పిలిసినారు?"

"నాకేటీ యినబడలేదు వదినా," అన్నాడు సూర్రావు.

"నీకెందుకు యినబడతాది!" అని కసిరి, వచ్చి నా చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆ మొహంలో సంతోషం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఏడాదిగా పెద్దలందరితో వాదించి గెలిచిన మనిషి మొహం అది. "బాబూ, ఎలాగున్నాదో ఒక్కసారి అని సూపించు. మా మావదైతే నాను పోల్చుకుంటాను. ఒక్కసారి, నీ కాళ్లట్టుకుంటాను."

దారిలో ఆమె చెప్పిన మాట ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. ఆమెకీ రాలేదు.

మా వీధి భజనలో నన్ను తాళం మాత్రమే వెయ్యమనేవారు, పాడొద్దని బతిమాలేవారు. అలాంటి గొంతు నాది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వచ్చినట్టు అందామనుకున్నాను. రావడం మాత్రం పుట్టినప్పట్నుంచీ అలవాటున్నట్టు వచ్చింది. ఆ లేవడం, ఆ విరుపు, చివర ఆ రెండు టక్కులు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

వెదుళ్లు కదిలాయి. ఆరు గుర్రాలూ దిగొచ్చాయి. పైడమ్మని దాటి, సూర్రావు చేతిలో సోళ్లని దాటి, నా దగ్గరకొచ్చి ఆగాయి. ఆడగుర్రం నా భుజం మీద మూతి ఆనించింది.

యాత్రికులు చప్పట్లు కొట్టారు. ఇది కూడా తమకోసం పెట్టిన వేడుకే అనుకున్నారు పాపం.

సూర్రావు సోళ్ల సంచి కింద పెట్టేశాడు. పైడమ్మ గుర్రాలవైపు చూసింది, నా నోటివైపు చూసింది. ఏడవలేదు. నీళ్ల దగ్గరికి వెళ్లి, రాయి మీద చెయ్యి పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి గాజులన్నీ తనే పగలగొట్టుకుంది. ఏం చేస్తోందని ముసలావిడ నన్నడిగింది. దుబాసీగా వెళ్లినవాణ్ణి, మందుల పెట్టె విప్పి దూది వెతకడం మొదలెట్టాను.

తర్వాత నేనూ సూర్రావూ పైకెక్కి చూశాం. మెత్తటి నేల. గుర్రాల డెక్కల గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి. మనిషి అడుగు ఒక్కటీ లేదు.

యాత్రికులకి ఓడ అందింది. కార్తీకంలో అప్పన్నకి దినం చేశారు. గుర్రాలు పైడమ్మ దగ్గరే ఉన్నాయి, వాటికి తన పిలుపు నేర్పుకుందని సూర్రావు ఒకసారి మందుకొచ్చి చెప్పాడు.

నాకు తోచిన కారణాలన్నీ వేసి చూసుకున్నాను. కోట సంతలో ఎప్పుడో అప్పన్న పిలుపు నా చెవిన పడి ఉండొచ్చు. సరే, మరి ఏళ్ల తరబడి విన్న తమ్ముడికి రానిది నాకెలా వచ్చింది? పైన ఎవరో కొండమనిషి ఆటపట్టించాడనుకుంటే అడుగులేవి? పోనీ నా గొంతులోనే ఏదో పోలిక ఉందనుకుని, ఇంటికొచ్చాక పెరట్లో నిలబడి మళ్లీ అని చూశాను. దగ్గు తప్ప ఏమీ రాలేదు. ఆ ప్రయత్నం ఇప్పటికీ అప్పుడప్పుడూ చేస్తుంటాను, మా ఆవిడ తిడుతూనే ఉంటుంది. నాకు అర్థం కాలేదు. ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

ఆ రోజు కొండ దిగేదాకా పైడమ్మ ఆడగుర్రం తాడు పట్టుకుని ముందే నడిచింది. నన్ను తిట్టినా బాగుండుననిపించింది. ఆమె చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆశని నా నోటితో నేనే లాక్కున్నాను, అదీ ఆమె అడిగితేనే. వ్యాను కదలబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చింది. ముంజేతులు బోసిగా ఉన్నాయి.

"ఆ గొంతులో బాద ఏటైనా ఉన్నాదా బాబూ?" అని అడిగింది.

"లేదు పైడమ్మా. పొద్దుపోతోంది, ఇంటికెళ్దాం రండి అని గుర్రాలని పిలిచినట్టే ఉంది," అన్నాను.

నిజంగా అలాగే ఉంది.