కాఫీ మానినా దిగని సుగర్

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది జూన్‌లో, నర్సీపట్నంలోని ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. పేరుకు సీనియర్ని, నా కింద జూనియర్ ఒక్కడూ లేడు. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను.

మంగళవారాలు సుగర్ రోగులు పరగడుపున వచ్చేవారు. కిటికీ దగ్గరికి పిలిచి, వేలిని స్పిరిట్ దూదితో తుడిచి, సూదితో పొడిచి, రక్తపు బొట్టును మీటరు స్ట్రిప్పుకు అంటించేవాణ్ణి. నేను చీటీ మీద రాసిన అంకెను బట్టి డాక్టరుగారు మందు రాసేవారు.

నాతవరం వైపు నుంచి సత్యవతిగారనే చెరకు రైతు భార్య నెలనెలా భర్తతో వచ్చేవారు. ప్రతిసారీ మూడు వందల పైనే. రెండుసార్లు మాత్రలు పెంచారు. తగ్గలేదు సరికదా, ఆవిడకు కళ్లు తిరగడం, చెమటలు పట్టడం మొదలైంది. సుగర్ పెరిగే అలా అవుతోందనుకున్నాం.

“కాఫీ ఒట్టేసి మానేసినానండి బాబూ, అయినా తగ్గదేటి?” అనేవారు. ఇలాంటి ఒట్లు చాలా విన్నవాణ్ణి, నమ్మలేదు. నోరు కట్టుకోవాలమ్మా అని చురక కూడా వేశాను. “నాను లేనప్పుడు తాగేత్తాదేమో!” అని భర్త నవ్వితే ఆవిడ అతన్ని కొరకొరా చూశారు.

నాలుగో నెల మూడు వందల నలభై వచ్చింది. ఆ రోజు నుంచే ఇన్సులిన్ అన్నారు డాక్టరుగారు. నర్సు లోపల సిద్ధం చేస్తోంది. నేను స్ట్రిప్పులు తెచ్చుకుందామని వరండాలోకి వచ్చేసరికి, సత్యవతిగారు కళ్లు తుడుచుకుంటూనే ఫ్లాస్కులోని కాఫీ భర్తకు గ్లాసులో పోసి, వేళ్లతో బెల్లం చిదిపి వేస్తున్నారు.

ఇందాక, నేను పిలవకముందు కూడా ఇలాగే వేశారా అని అడిగాను.

“ఎప్పట్లాగే వచ్చీరాగానే ఓ గ్లాసిచ్చినాను బాబూ. ఇంటికాడే కలిపేత్తే పాలిరిగిపోతాయి కదా!”

ఆ బెల్లం వేళ్లనే కదా నేను పొడిచింది! నర్సును ఆగమని కేకేసి, ఆవిడ చేత సబ్బుతో చేతులు కడిగించి, తుడిచి, మళ్లీ పొడిచాను. డెబ్బై ఎనిమిది! అప్పటికీ నమ్మకం కుదరక నరం నుంచి రక్తం తీసి చూశాను. డెబ్బై నాలుగు. ఆవిడకు కళ్లు తిరిగింది సుగర్ పెరిగి కాదు, మాత్రలకు పడిపోయి. ఆ మాత్రల మీద ఇన్సులిన్ కూడా పడి ఉంటే ఆవిడ ఇల్లు చేరేవారు కాదేమో. పడలేదు, బతికిపోయాం.

డాక్టరుగారు చీటీలో ఇన్సులిన్ కొట్టేసి మాత్రలు తగ్గించారు. “మరయితే నా కాఫీయో?” అని ఆవిడ మెల్లగా అడిగారు. రోజుకు ఒక చిన్న గ్లాసు, అదీ టిఫిన్ తిన్నాకే. అరచెంచా తీపి, ఆ పూటకు ఒక ఇడ్లీ తక్కువ. బెల్లమైనా చక్కెరతో సమానమే అని ఆయన చెప్పారు. ఇడ్లీలు తెప్పించి తినిపించాం. తర్వాత ఆవిడ గ్లాసెత్తి ఒక గుక్క తాగి, “హమ్మయ్య!” అన్నారు. ఆ మాట నేను అప్పటికే మనసులో పదిసార్లు అనుకున్నాను.

మర్నాటి నుంచి కిటికీ దగ్గర సబ్బు పెట్టాను. స్పిరిట్ క్రిముల్ని చంపుతుంది గానీ, వేలికంటిన తీపిని పూర్తిగా తీసేయదు. చదువుకున్న సంగతే, చెయ్యలేదంతే. ఆ నాలుగు నెలలూ అబద్ధమాడింది సత్యవతిగారు కాదు, నేను సంతకం పెట్టిన చీటీ.