కోతులు లేని లెక్క

ప్రపంచంలో ఏ దేశమైనా ఇంకో దేశం సరుకు మీద సుంకం వేయాలన్నా, తీయాలన్నా, ముందు జనగామలో ఉన్న మా అమ్మమ్మ శశికళకు ఫోన్ చేసి "మేడం, వేయమంటారా?" అని అడగాలి. ఆ సమయానికి ఆమె పప్పులో పోపు వేస్తుంటే, ఆవాలు చిటపటలాడడం అయిపోయేదాకా లైన్లో ఆగాలి. అలా అడగకపోవడం వల్లే ఇవాళ లోకమంతా ఇన్ని తిప్పలు పడుతోంది. ఈ మాట అమ్మమ్మ ఎప్పుడూ అనలేదు. ఇంటర్ రెండుసార్లు తప్పి ఇంట్లో కూర్చున్న ఆమె మనవరాలు సింధు, అంటే ఇది రాస్తున్న మనిషి, ఆమె తరఫున అంటోంది.

నిజం చెప్పాలంటే అమ్మమ్మకు పని మీద ఫోన్ చేసేది ఒక్క ధర్మేందరే. జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి ఆయన కరస్పాండెంట్. అమ్మమ్మ అక్కడ ఎకనామిక్స్ చెబుతుంది. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరింది, తెల్లబడ్డాక రంగు వేసింది, ఇప్పుడు రంగు వేయడం కూడా మానేసింది. గిరాకీ, సరఫరా గీతలను బోర్డు మీద స్కేలు లేకుండా గీస్తుంది. చపాతీ మాత్రం ఇప్పటికీ గుండ్రంగా రాదు. ఒకప్పుడు ఆమె క్లాసులో బెంచీలు చాలేవి కావు. మహబూబాబాద్ వైపు నుంచి, భూపాలపల్లి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు కిటికీ గట్టు మీద కూర్చొని నోట్సు రాసుకునేవాళ్ళు. నిరుడు మొదటి బెంచీ కూడా నిండలేదు.

ఎండలు మొదలైన రోజుల్లో ధర్మేందర్ ఆమెను తన గదికి పిలిచాడు.

"మేడం, మీరంటే నాకు మస్తు గౌరవం. కని ఈసారి పదిహేను మంది పిల్లలు రాకుంటే ఎకనామిక్స్ గ్రూపు బంద్ చేసుడే. ఇప్పటి పోరగాళ్ళకు ప్రతి దాంట్ల కంప్యూటర్ ఉండాలె. మీరు ఏదన్న ఆన్‌లైన్ కోర్సు చెయ్యుండ్రి. సర్టిఫికెట్ తీస్కపోయి ఫ్లెక్సీ మీద ఏపిద్దాం."

"ఈ వయసుల నాకు కోర్సా ధర్మేందర్?"

"ఫ్లెక్సీ మీద వయసు రాయం మేడం."

అమ్మమ్మ వెతికి వెతికి, అన్నిటికంటే కష్టంగా కనిపించిన కోర్సులో చేరింది. అంతర్జాతీయ వాణిజ్య విధానాలను ఆర్థిక నమూనాలతో విశ్లేషించడంలో శిక్షణ. ఆ పేరు పూర్తిగా పలికేలోపు కాలేజీ బస్సు వచ్చి వెళ్ళిపోతుంది. విషయం మాత్రం ఆమె చెబితే సింధుకు కూడా అర్థమైంది. ఒక దేశాన్ని మొత్తంగా లెక్కలోకి దించుతారు. ఎంత భూమి, ఎంతమంది కూలీలు, ఏ పంట ఎంత, బయటి నుంచి ఏది వస్తుంది, బయటికి ఏది పోతుంది. తర్వాత ఒక్క సుంకం మార్చి మీట నొక్కుతారు. ధరలు, సాగు, కూలీ అన్నీ కదిలి, ఒకదాన్నొకటి నెట్టుకొని, చివరికి ఒక దగ్గర కుదురుకుంటాయి. ఇన్నేళ్ళు సుద్దముక్కతో చెప్పిందంతా తెర మీద కదులుతుంటే అమ్మమ్మ నోరు తెరుచుకొని చూసింది.

"ఏందమ్మమ్మా, సీరియల్ కంటే మంచిగున్నదా?"

"సీరియల్‌ల అత్త ఎందుకేడుస్తదో ఎవలకు తెల్వది. గిండ్ల తెలుస్తది. జరుగు, వెలుతురుకు అడ్డమున్నవ్."

చివరి పరీక్ష పత్తి మీద వచ్చింది. దిగుమతి పత్తి మీద సుంకం ఎత్తేస్తే మన రైతుకు ఏమవుతుంది? ఆ లెక్కలో ఒక అంకె ముఖ్యం. పత్తి ధర పడిపోతే రైతు తన భూమిని ఎంత తేలిగ్గా వేరే పంటకు మారుస్తాడో చెప్పే అంకె అది. కోర్సువాళ్ళు దాన్ని ముందే ఇచ్చారు. కానీ అమ్మమ్మ పుట్టిల్లు జఫర్‌గఢ్. అక్కడ ఆమె తమ్ముడు కొండల్ పత్తే వేస్తాడు. సొంత తమ్ముడు ఉండగా ఎవరో ఇచ్చిన అంకె ఎందుకని ఫోన్ చేసింది.

"తమ్మీ, పత్తి రేటు బాగ పడిపోయిందనుకో. ఏమేస్తవ్?"

"పత్తే ఏస్త."

"పల్లికాయ ఏయవా?"

"కోతులు."

"మక్కజొన్న?"

"కోతులు తినంగ మిగిలితే పందులు."

"పోనీ కూరగాయలు?"

"అక్కా, నీకు పంపుదామని బీరపాదు పెట్టిన. ఏమైందో యాది లేదా? పాదు పీకి, ఇల్లెక్కి, పెంకలు జరిపి, ఇంక ఏమున్నయని లోపటికి చూసినయ్. పత్తొక్కటే కోతి నోట్ల పెట్టది. గందుకే గది ఏస్తున్న. నాకేమన్న పత్తంటే పానమా?"

మహబూబాబాద్ వైపు గూడూరులో ఉన్న పాత విద్యార్థికి చేసింది. గంగారంలో ఇంకొకరికి చేసింది. ఫోన్లు మారాయి గానీ కోతులు మారలేదు. దాంతో అమ్మమ్మ కోర్సువాళ్ళ అంకెను కొట్టేసి, దాదాపు సున్నా పెట్టి మీట నొక్కింది. నష్టమంతా వచ్చి పత్తి చేల మీద పడింది. అక్కడి నుంచి ఎటూ కదల్లేదు. అది మొండికేసిన కొండల్ ముఖంలా ఉందని సింధుకు అనిపించింది. కంప్యూటర్ మాత్రం తప్పు అని ఎర్రగా చూపించింది.

పాఠాలు చెప్పే మనీషా అనే అమ్మాయి ఢిల్లీ నుంచి తెర మీదికి వచ్చి ఓపికగా విన్నది. "మీ ప్రాంతానికి మీ అంకె నిజమే కావచ్చు మేడం. దాని మీద విడిగా వ్యాసం రాయండి, నేను చదువుతాను. కానీ పరీక్ష దిద్దేది యంత్రం. మేమిచ్చిన అంకె పెడితేనే జవాబు కలుస్తుంది" అని ఇంగ్లీషులో చెప్పింది. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా చెప్పింది.

అమ్మమ్మ ల్యాప్‌టాప్ మూసి దాని మీద తువ్వాలు కప్పింది.

"కోతులకు గూడ ఒక గడి పెట్టరాదు అమ్మమ్మా?" అని మనవరాలు అంటే నవ్వలేదు. ధర్మేందర్ ఫోన్ చేసి ఫ్లెక్సీవాడు ఆగి ఉన్నాడన్నాడు. మళ్ళీ చేసి వేరే కాలేజీవాళ్ళు అప్పుడే పిల్లల కోసం ఊళ్ళు తిరుగుతున్నారన్నాడు. పదిహేను మంది రాకపోతే అమ్మమ్మ జీవితమంతా చెప్పిన పాఠం ఆ భవనంలో ఇంక వినిపించదు. తువ్వాలు తీసి, వాళ్ళిచ్చిన అంకె పెట్టింది. జవాబు కలిసింది. దాని కింద ముగింపు వాక్యం రాయమంటే రాసింది: సుంకం ఎత్తేస్తే పత్తి రైతులు భూమిని ఇతర పంటలకు మళ్ళించి, మొత్తం మీద లాభపడతారు. అభినందనలంటూ తెర మీద రంగు కాగితాలు రాలాయి. అవి పూర్తిగా రాలకముందే మూత వేసింది.

ధర్మేందర్‌కు సర్టిఫికెట్ కంటే ఆ వాక్యమే ఎక్కువ నచ్చింది. తెలుగులో పెద్ద అక్షరాలతో, మా కాలేజీ పరిశోధన అంటూ కరపత్రాల మీద వేయించాడు.

"గా ముక్క తీసెయ్ ధర్మేందర్."

"అన్నీ అచ్చైనయ్ మేడం. అయినా రైతు లాభపడ్తడంటే ఎవలకు చేదు?"

మా వైపు ప్రైవేటు కాలేజీల్లో వేసవి అంటే లెక్చరర్లు సంచి తగిలించుకొని ఇల్లిల్లూ తిరిగి పిల్లలను అడుక్కునే కాలం. అమ్మమ్మ కూడా తిరిగింది. భూపాలపల్లిలో ఒక గని కార్మికుడు కరపత్రం చదవకుండానే "దీంతోని నౌకరొస్తదా మేడం?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు. గూడూరులో చాయ్ ఇచ్చారు, పిల్లలను ఇవ్వలేదు. ఆశ ఉన్నది జఫర్‌గఢ్ మీదే. కొండల్ కూతురు సుష్మితకు అత్త దగ్గర చదవాలని ఉంది. "మీ తమ్ముడు చేర్పిస్తే మేమూ చేర్పిస్తం" అని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ముందే మాట ఇచ్చారు.

ఆ రోజు వాళ్ళంతా కొండల్ ఇంటి ముందు చేరారు. కొండల్ కరపత్రం అందుకొని, కళ్ళకు దూరంగా పట్టుకొని, అందరికీ వినబడేలా చదివాడు. ఇతర పంటలకు మళ్ళించి దగ్గర ఒకసారి ఆగి, లాభపడతారు దాకా పూర్తి చేశాడు.

"అక్కా, గిది నువ్వే రాసినవా?"

"నేనే."

"మరి నన్నెందుకడిగినవ్?"

అమ్మమ్మ యంత్రం, అంకె, పరీక్ష అని మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.

వెనక నుంచి ఎవరో, "పంట మళ్ళిస్తం గని మేడం, కోతులకు కావలి మీ కాలేజోళ్ళు ఉంటరా?" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. కొండల్ నవ్వలేదు. కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి అక్క చేతిలో పెట్టాడు.

"అన్నం తినిపో అక్కా. పిల్లను మాత్రం నర్సింగ్‌కు పంపుతున్న."

అమ్మమ్మ తిన్నది. సుష్మిత తలెత్తకుండా వడ్డించింది. బయట జనం ఒక్కొక్కరే లేచిపోయారు. కరపత్రాలు తీసుకొని వెళ్ళారు గానీ, ఎవరూ కాలేజీ బస్సు ఏ వేళకు వస్తుందని అడగలేదు.

అడ్మిషన్లు ముగిసేసరికి గ్రూపు మూసేశారు. ధర్మేందర్ శాలువా కప్పి, "ఇగ రెస్ట్ తీస్కోండ్రి మేడం" అన్నాడు. ఆయన కళ్ళు కొంచెం తడిగానే ఉన్నాయట. ఆ గదిలో ఇప్పుడు వేరే గ్రూపు పిల్లలు కూర్చుంటున్నారు. అమ్మమ్మ పొద్దున్నే కాలేజీకి కట్టే చీర కట్టుకుంటుంది. కట్టుకున్నాక గుర్తొచ్చి వంటింట్లోకి పోతుంది. మనీషా చదువుతానన్న వ్యాసం రాయమంటే, ఎవరికోసమని అడుగుతుంది. కొండల్ ఫోన్ చేస్తే వానల గురించి మాట్లాడుకుంటారు. పత్తి ఊసెత్తరు.

మొన్న ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తుంటే మనవరాలు ఆమె పక్కన చేరి అడిగింది.

"అమ్మమ్మా, నీ మీద రాస్తున్న. చివర్ల కొండల్ తాత సుష్మితను నీ గ్రూపుల చేర్పిచ్చిండని రాయనా? చదివేటోళ్ళు జర సంతోషపడ్తరు."

ఆమె తలెత్తలేదు.

"రాయకు. ఇంట్ల ఒక్క అబద్ధం చాలు."